ముప్ఫై ఒక్క ఇళ్ళ కుర్చీ

ప్రపంచంలోకెల్లా ధనవంతమైన సందు మాదేనని ఒకప్పుడు ప్రభుత్వమే ముద్ర కొట్టి మరీ ప్రకటించింది. ఇంటింటికీ చేతుల కుర్చీ, ఇంటింటికీ టేబుల్ ఫ్యాను, ఇంటింటికీ పింగాణీ కప్పుల సెట్టు. అబద్ధమాడితే కాన్వెంటులో సిస్టర్లు మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. ఆ నొప్పి ఈ వయసులోనూ గుర్తుంది కాబట్టి కొంచెం సవరించుకుంటాను. ప్రపంచం కాదు, మా పట్టణం. అందులోనూ మొదటి స్థానం కాదు, నాలుగోది. ముద్ర మాత్రం నిజం. ఊదా రంగులో, గుండ్రంగా, ఒక పక్క కాస్త చెదిరి ఉండేది. ఆ ముద్ర పడటానికీ, తర్వాత అది చిరిగిపోవడానికీ కారణం కుర్చీ అత్త.

కుర్చీ అత్త సందులో ఎవరికీ సొంత మేనత్త కాదు. వైరు కుర్చీలు అల్లడం ఆమె పని. సీటు కుంగిన కుర్చీ, వీపు చిరిగిన కుర్చీ, లాడ్జీ కుర్చీ, సెలూన్ బెంచీ, ఏది తెచ్చి గుమ్మం ముందు పడేసినా సరే, పాత వైరు కోసి పారేసి, ఇనుప చట్రాన్ని గరుకు కాగితంతో రుద్ది, పాదం అడ్డం పెట్టి, ప్లాస్టిక్ వైరుని బిగలాగి అల్లేది. మూడో రోజుకి దాని మీద ఏనుగు కూర్చున్నా కుంగేది కాదు. ఏనుగు కూర్చోవడం ఎవరూ చూడలేదు గాని, బేకరీ మేస్త్రీ కూర్చోవడం చూశారు. ముప్ఫై ఏళ్ళ అల్లకంలో ఆమె వేళ్ళ చివర్లు ఎంత మొద్దుబారాయంటే, పొగలు కక్కే టీ గ్లాసుని ఉత్త చేత్తో పట్టుకుని, చల్లారిపోయిందని సణిగేది.

ఇంటాయన లారీ షెడ్డులో మెకానిక్కు. ఆమె అత్త కాబట్టి ఆయన సందుకంతటికీ మావయ్య. బతుకంతా లారీల కింద వెల్లకిలా పడుకుని పని చేసినా ఒక్క గీత పడని మనిషి, పని మానేశాక సొంత గుమ్మం ముందు రేకు ముక్క తొక్కాడు. ఒంట్లో షుగర్ ఉంది. పుండు మానలేదు. సందు చివర ఒంటిగది ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ఉండేది. రోజూ పదకొండింటికి అత్త భుజం మీద చెయ్యి వేసి, మావయ్య అక్కడిదాకా కుంటుతూ వెళ్ళేవాడు. నర్సమ్మ కట్టు విప్పి, కడిగి, ఆరబెట్టి, మందు రాసి, మళ్ళీ కట్టు కట్టేది.

"రోజూ మారిస్తే కాలు నిలుస్తుంది అత్తా," అని ఆమె మొదటి రోజే చెప్పింది. "నాలుగు రోజులు మానేస్తే మాత్రం నేను మాటివ్వలేను."

ఆ గది కాకుండా ఇంకో ఆసుపత్రి కావాలంటే రెండు బస్సులు మారాలి. బస్సు మెట్టు ఎక్కలేని మనిషికి అది ఉన్నా లేనట్టే.

ఇక కుర్చీ సంగతి. ఎప్పుడో ఒక లాడ్జీ వాళ్ళు పన్నెండు కుర్చీలు అల్లమని ఇచ్చారు. పన్నెండోది సగంలో ఉండగా తెల్ల వైరు అయిపోయింది. అత్త వీపు మధ్యలో ఒక్క వరస పచ్చ వైరుతో లాగించేసింది. లాడ్జీ మేనేజరు అది చూసి మొహం చిట్లించి, "తెల్ల వైరు పంపిస్తాను, సరిచేసి ఉంచమ్మా, రేపొచ్చి తీసుకెళ్తా" అని పదకొండు కుర్చీలతో వెళ్ళిపోయాడు. ఆ రేపు రాలేదు. లాడ్జీ మూతపడింది. కుర్చీ మిగిలిపోయింది. పరాయి సొమ్మని అత్త దాని మీద కూర్చునేది కాదు. మావయ్యని కూడా కూర్చోనిచ్చేది కాదు. ఒకరోజు ఎదురింటి టైలర్ దగ్గరికి ఎవరో పెద్దమనిషి కోటు కొలతలివ్వడానికి వస్తే, "ఒక్క అరగంట ఆ కుర్చీ ఇవ్వు అత్తా, స్టూలు మీద కూర్చోబెడితే బాగోదు" అని అడిగి పట్టుకెళ్ళాడు. అంతే. అప్పటినుంచి సందులో ఎవరింటికి ఎవరొచ్చినా కుర్చీ ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది.

నీలం టేబుల్ ఫ్యాను అంతకుముందున్న నర్సు బదిలీ మీద వెళ్తూ వదిలేసింది. అది తల తిప్పేటప్పుడు ఎడమ వైపు ఆగి, టక్కుమని, కాసేపు ఆలోచించి, మళ్ళీ తిరిగేది. కప్పులు ఐదు తెల్లవి, ఒకటి పూలది. పూలదాని అంచు విరిగింది కాబట్టి అది ఇంటివాళ్ళు తాగడానికి. ఇళ్ళన్నీ ఒకే వరసలో ఆనుకుని ఉంటాయి. వెనక పెరళ్ళకి నడుమెత్తు గోడలు. వీధి గుమ్మంలో చుట్టం చెప్పులు విప్పేలోపు, వెనక గోడ మీదుగా కుర్చీ, ఫ్యాను, కప్పులు దిగిపోయేవి. ఫ్యాను మెడ వదులు. అందుకని ఇచ్చేవాళ్ళు "మెడ జాగ్రత్త" అనేవారు, పుచ్చుకునేవాళ్ళు "పట్టుకున్నా" అనేవారు.

ఒక వేసవిలో, చేతిలో అట్ట, అట్టకి కాగితాలు, వీపుకి అతుక్కుపోయిన చొక్కాతో నలభై ఏళ్ళ మనిషి సందులోకి వచ్చాడు. జీవన ప్రమాణాల సర్వే అన్నాడు. సందు ఆయనకి లెక్కల బాబు అని పేరు పెట్టింది. ఇంటింటికీ వస్తానన్నాడు. ఇంకేం, ముప్ఫై ఒక్క ఇళ్ళకీ ఒకే చుట్టం.

మూడు రోజులు పెరటి గోడల మీద తీరిక లేదు. బాబు ఒక ఇంట్లో లేచి నిలబడితే చాలు, వెనక నించి కుర్చీ మాయం. పక్కింటి గుమ్మంలో అడుగుపెట్టేసరికి కుర్చీ, ఫ్యాను, పొగలు కక్కే టీ కప్పు. పదకొండో ఇంట్లో మాత్రం బాబు ఏదో రాసుకోవడానికి మళ్ళీ కూర్చోబోయాడు. కుర్చీ అప్పటికే గోడ దాటింది. ఇంటాయన ఆయన్ని చంకల కింద పట్టుకుని ఆపి, "నడుముకి మంచిది, కాసేపు నిలబడండి బాబూ" అన్నాడు.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. "ఇంట్లో ఫ్యాను ఉందా?" అని ఆయన అడిగేసరికి ఆయన జుట్టు ఆ ఫ్యాను గాలికే ఎగురుతోంది. "కనిపిస్తోంది కదా బాబూ" అన్నారు. ప్రతి ఇంటి కుర్చీకీ వీపు మధ్యన ఒక పచ్చ వరస ఉండటం బాబు గమనించకపోలేదు. కాగితం అడుగున 'ఈ సందువారి అభిరుచి ఒకటే' అని రాసుకున్నాడు.

రెండు నెలలకి ఊదా ముద్ర కాగితం ఆరోగ్య కేంద్రం తలుపు మీద పడింది. ఆ రోజు కట్టు కట్టించుకోవడానికి వెళ్ళిన అత్తకీ మావయ్యకీ నర్సమ్మే చదివి వినిపించింది. ఈ సందు జీవన ప్రమాణంలో పట్టణంలో నాలుగో స్థానానికి చేరినందున, ఆరోగ్య కేంద్రాన్ని వచ్చే నెల ఒకటో తారీఖున అవసరమున్న వేరే ప్రాంతానికి తరలిస్తున్నారు.

"నాలుగో స్థానమా," అన్నాడు మావయ్య, కాలు నర్సమ్మ ఒళ్ళో పెట్టుకుని. "మనకంత ఎప్పుడొచ్చిందే? నాకు చెప్పకుండా ఎక్కడ దాచావు?"

అత్త నవ్వలేదు. తలుపు వైపు చూస్తోంది. "మన ఇంట్లో ఆ బాబు ఏం రాసుకున్నాడో గుర్తుందా?"

"కుర్చీ ఉందా అన్నాడు. ఉందన్నాం."

"పక్కింట్లో?"

ఫ్యాను ఎడమ వైపు తిరిగి టక్కుమంది. ఆ రోజు అది అక్కడే ఉంది, పుండు ఆరబెట్టడానికి.

"నీ కుర్చీయే మన కొంప ముంచింది కదే," అన్నాడు మావయ్య మెల్లగా.

నర్సమ్మ రోజూ రెండు చుట్లు చుట్టే కట్టు ఆ రోజు మూడు చుట్లు చుట్టింది.

మర్నాడు పొద్దున అత్త కుర్చీని నెత్తిన పెట్టుకుని సర్వే ఆఫీసుకి బయల్దేరింది. దారిలో ముగ్గురు బేరం అడిగారు, ఒకడు కూర్చోబోయాడు. ఆఫీసులో ఫైళ్ళ గుట్టల మధ్య లెక్కల బాబు బల్ల ముందు కుర్చీ దింపి, తను పక్కన నిలబడింది.

బాబు తలెత్తి కుర్చీని చూశాడు. "ఇది పదకొండో నంబరు ఇంటి కుర్చీ కదమ్మా? నన్ను నిలబెట్టిన ఇల్లు."

"అవును బాబూ. పన్నెండో ఇంటిదీ ఇదే."

"అంటే, ఇలాంటిదే."

"ఇలాంటిది కాదు. ఇదే. ఒకటో ఇంటి నుంచి ముప్ఫై ఒకటో ఇంటిదాకా ఇదే. ఫ్యాను కూడా అంతే. కప్పులూ అంతే."

బాబు పచ్చ వరసని వేలితో ముట్టుకుని చూశాడు. లేచి వెళ్ళి ఆఫీసు గది తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "ముప్ఫై ఒక్క టీలు తాగాను నేను," అన్నాడు. "ఒక్క ఇంట్లోనైనా చెప్పొచ్చు కదమ్మా."

"చుట్టంగా వచ్చారనుకున్నాం. లెక్క పెడుతున్నారని తెలియదు."

"సర్వే అని చెప్పాను."

"చెప్పారు. అయినా ఎండన పడి వచ్చిన మనిషిని గోడకి ఆనుకుని నిలబడమంటామా?"

అత్త మావయ్య కాలు గురించి చెప్పింది. రోజు మార్చి రోజు కాదు, రోజూ కట్టు మార్చాలని చెప్పింది. బాబు చాలాసేపు కలం మూత పెట్టి తీసి, చివరికి పైవాళ్ళని అడిగి ఒక్క రోజు సంపాదిస్తానన్నాడు. ఒక్క రోజులో మళ్ళీ చూడాలి. "ఈసారి మాత్రం ఏ వస్తువు ఎక్కడుందో అక్కడే ఉండాలి."

"మేకు కొట్టినట్టు ఉంటుంది," అంది అత్త.

సందు ఒప్పుకోవద్దూ. ఆ సాయంత్రం అందరూ అత్త గుమ్మం ముందు చేరారు. టైలర్ మెడలో టేపు వేలాడదీసుకుని అందరికంటే ముందు నిలబడ్డాడు.

"నాలుగో స్థానం అని ముద్ర కొట్టిచ్చారు అత్తా. ఇప్పుడు నువ్వెళ్ళి, మేం ఏమీ లేనివాళ్ళం, రాసుకోండి అంటే మా మొహాలెక్కడ పెట్టుకోవాలి? కోటు కుట్టించుకునేవాళ్ళు ఈ సందులోకి వస్తారా?"

"నీ నాలుగో స్థానం ఊతంగా పట్టుకుని మీ మావయ్య బాత్రూముకి నడవగలడా, చెప్పు. నడుస్తానంటే నేను ఆఫీసు మొహం చూడను."

టైలర్ లోపల మంచం మీదున్న మావయ్య వైపు చూశాడు. మావయ్య సాయం చేద్దామని కాలు కాస్త పైకెత్తి చూపించాడు. టైలర్ టేపు మెడలోంచి తీసి, చుట్ట చుట్టి, జేబులో పెట్టుకున్నాడు. "మా ఇంట్లో ఏ వస్తువూ కదలదులే," అన్నాడు.

చెప్పిన రోజున లెక్కల బాబు వచ్చాడు. పొద్దున ఎనిమిదికే నిప్పులు చెరుగుతున్న ఎండ. మొదటి ఇంట్లో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రెండో ఇంట్లో గుమ్మంలో కూర్చున్నాడు. మూడో ఇంట్లో ఇంటావిడ చీర కొంగుతో విసురుతూ కాసేపు ఓర్చుకుంది. నాలుగో ఇంట్లో బాబు కళ్ళు మూసుకుని గోడ పట్టుకున్నాడు. అంతే, పెరట్లోంచి "మెడ జాగ్రత్త" అని వినిపించింది. వెంటనే ఇంకో గొంతు "పట్టుకున్నా" అంది.

"ఫ్యాను వెనక్కి పంపండర్రా," అని అత్త ఏడో ఇంటి పెరట్లోంచి అరిచింది. "మేకు కొట్టినట్టు ఉంటుందని మాటిచ్చాను."

ఫ్యాను వెనక్కి వెళ్ళలేదు. బాబు గోడ మీదుగా తల పెట్టి చూశాడు. వరసగా ముప్ఫై పెరటి గోడలు. గోడల వెనక జనం, ఒకరి చేతిలో కప్పులు, ఒకరి చేతిలో కుర్చీ, అందరి మొహాల్లోనూ దొంగతనం చేస్తూ దొరికిపోయిన సిగ్గు. ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత అట్ట మీది కాగితం తిరగేసి, ఇంటింటికీ తిరగడం మానేసి, రోజంతా పెరళ్ళలో ఫ్యాను వెంట తిరిగాడు.

రాత్రి డ్యూటీ దిగిన బేకరీ మేస్త్రీకి నిద్ర పట్టేదాకా ఫ్యాను ఆయన తల దగ్గరుంది. తొమ్మిదిన్నరకి పదహారో ఇంట్లో బాలింత దగ్గరికి వెళ్ళింది. పదకొండింటికి మావయ్య పుండు ఆరబెట్టడానికి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. మధ్యాహ్నం బొగ్గుల ఇస్త్రీ పెట్టె ముందు నిలబడే టైలర్ భార్యకి. మూడు దాటాక పరీక్షకి చదువుకునే అమ్మాయికి. ఎవరూ ఎవర్నీ పిలవలేదు, అడగలేదు. ఇప్పుడు అది ఎవరి దగ్గరికి వెళ్ళాలో అందరికీ తెలుసు.

"ఇది అసలు ఎవరిదమ్మా?" అని బాబు ఐదోసారి అడిగాడు.

"ఎవరికి చెమట పడితే వాళ్ళది," అంది అత్త.

సాయంత్రానికి ఆయన ఆరోగ్య కేంద్రం మెట్ల మీద చతికిలబడ్డాడు. చుట్టూ సందు. గుమ్మంలో నర్సమ్మ. ఆయన గొంతు తగ్గించి ఉన్నదున్నట్టు చెప్పాడు. పాత లెక్క ఉంచితే సందు ధనవంతమైంది, కేంద్రం వెళ్ళిపోతుంది. నిజం లెక్క రాస్తే ముప్ఫై ఒక్క ఇళ్ళకి ఒక ఫ్యాను, ఒక కుర్చీ. అంత అట్టడుగున తేలితే, నివాసానికి పనికిరాదని రాసి, అందర్నీ తలో చోటికి పంపేస్తారు. "ఈ కాగితంలో మీరు పట్టే గడి లేదమ్మా," అన్నాడు. "ఉందా, లేదా. ఈ రెండే ఉన్నాయి. పొద్దున్నించీ చూస్తున్నాను. మీకు ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు."

"అయితే వేరే మాట అడగండి," అంది అత్త.

"ఏమని?"

"కావలసిన రోజున దొరికిందా అని అడగండి."

బాబు అక్కడికక్కడే గీత గీసి కొత్త గడి కట్టి, అడగడం మొదలుపెట్టాడు. కుర్చీ? దొరికింది. ఫ్యాను? దొరికింది. కప్పులు? టైలర్ చెయ్యెత్తాడు. "ఒకసారి మా ఇంటికి ఐదే వచ్చాయి."

"ఆరోది ఏమైంది?" అన్నాడు బాబు.

"పూల కప్పు మన ఇంట్లోనే ఉండిపోయింది అంతకుముందు వారం నుంచి," అని గుంపులోంచి ఆయన భార్యే అంది. "నువ్వు దాన్లో బొత్తాలు పోసుకున్నావు."

నవ్వులు తగ్గాక అత్త నర్సమ్మ వైపు చెయ్యి చూపించింది. "ఇప్పుడు ఈవిడ గురించి రాయండి. కుర్చీ అందించుకుంటాం, ఫ్యాను అందించుకుంటాం. నర్సమ్మని గోడ మీదుగా అందించుకోలేం బాబూ. రెండు బస్సుల అవతల ఉంటే ఈయన కాలికి ఆవిడ దొరకదు. ఈ ఒక్కటీ మాలో మేం సర్దుకోలేం. అదే రాయండి."

బాబు రాశాడు. కేంద్రం ఉంటే దొరుకుతుంది, పోతే దొరకదు. ఎందుకు దొరకదో కూడా రాశాడు, బస్సు మెట్టు ఎత్తుతో సహా. అది కొలవడానికి టైలర్ తన టేపు ఇచ్చి పంపాడు.

ఒకటో తారీఖు ఇంకా రెండు రోజులుందనగా నర్సమ్మే తలుపు మీది ఊదా ముద్ర కాగితం చింపింది. ఆ చోట చిన్న తెల్ల కాగితం అంటించింది. తరలింపు ఆపారు. ఆ కొత్త గడి ఆ తర్వాత పెద్ద పెద్ద దేశాల రాజధానుల్లో లెక్కలు తారుమారు చేసిందని నా మనవలకి చెబుతుంటాను. నిజానికి అది పక్క వార్డు దాకా వెళ్ళింది. అక్కడ ఒక పిండిమరని మూసేయకుండా ఆపింది. అదీ తక్కువేం కాదు.

మావయ్యకి చిటికెన వేలు పోయింది. కాలు నిలిచింది. ఆరో నెల దాటాక ఎవరి భుజమూ పట్టుకోకుండా సందు చివరికి నడిచి వెళ్ళాడు, నర్సమ్మ ముందు నిలబడి, "చూడమ్మా, తొమ్మిది వేళ్ళతో పదివేళ్ళ నడక," అన్నాడు. నర్సమ్మ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. అత్తకి కృతజ్ఞతలు చెప్పడం చేతకాదు. గొంతు దాకా వచ్చిన మాట వేళ్ళలోకి దిగిపోయేది. వారం రోజులు ఎవరి పనీ ముట్టకుండా, ఇంట్లో మిగిలిన వైరు ముక్కలన్నీ ముడి కనపడకుండా కలిపి, ఎరుపూ పసుపూ తెలుపూ కలగలిసిన ఒక కుర్చీ అల్లింది. దాన్ని ఆరోగ్య కేంద్రంలో, కట్టు విప్పించుకునేవాళ్ళు కూర్చునే చోట పెట్టింది. లెక్కల బాబుకి కబురు పంపించింది, సందుకి ఇప్పుడు రెండు కుర్చీలు, రాసుకోమని. ఆయన ఆ ఏడాది నివేదికలో మా సందు అభివృద్ధి నూటికి నూరు శాతం అని రాశాడు. ఆయన రాసిన వాటన్నిట్లో ఆక్షేపణ లేని లెక్క అదొక్కటేనట.

ఇప్పటికీ పదకొండింటికి మావయ్యతోపాటు అత్త కూడా వెళ్ళి అక్కడ పావుగంట ఉండి వస్తుంది. కట్టు లేదు, మందు లేదు. నర్సమ్మకి టీ పట్టుకెళ్తుంది. చల్లారిపోయిందని నర్సమ్మ ఒక్కరోజూ అనలేదు.

ఇదంతా రాసి, మొన్న ఆమె గుమ్మం ముందు నిలబడి చదివి వినిపించాను. ఆవిడ పని ఆపి, చేతులు తుడుచుకుని, మూల నుంచి ఆ లాడ్జీ కుర్చీ లాక్కుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి దాని మీద కూర్చుని, వీపు పూర్తిగా ఆనించి, చివరిదాకా విన్నది. మావయ్య గుమ్మంలో తొమ్మిది వేళ్ళూ ఆడిస్తూ నవ్వుతున్నాడు.

"ఒక్క ముక్క నిజం లేదు," అంది. "నేను ఏ ఆఫీసుకీ వెళ్ళలేదు. నెత్తిన కుర్చీ పెట్టుకోవడమేంటి, నాకు చిన్నప్పటి నుంచీ మెడనొప్పి."

"మరి పచ్చ వరస?"

"ఏ పచ్చ వరస?"

"ఒక్కసారి లేవండి అత్తా, చూద్దాం."

"మోకాళ్ళు నొప్పి. లేవలేను," అంది, ఇంకా కాస్త వెనక్కి ఆనుకుని. "మన సందులో ఎవరి కుర్చీ వాళ్ళకుంది. అలాంటిదేమీ జరగలేదు."